మూడో తాడు

లారీకి సరుకు కట్టడం తప్ప
వేరే ముడి రాని చేతులివి.
ఇరవై రెండేళ్ళుగా సుసాకి రేవు నుంచి ఒసాకా దాకా
చేపల పెట్టెలు, యుజు బుట్టలు, ఒకసారి ఓ పియానో,
ఏదీ దారిలో జారిపడలేదు.

ఇవాళ తొమోయె కుడిచెయ్యి పిండికట్టులో ఉంది.
వంటింటి గడప మీద కూర్చుని
నోటితోనే కూతురికి యుకాతా కడుతోంది,
చేతులు మాత్రం నావి.

కొనాత్సుకి పన్నెండు.
బడి ఆటలబట్టల మీదే
చేతులు చాపి దిష్టిబొమ్మలా నిలబడింది.
నడుం గుండ్రంగా రావాలట, ముందు తువ్వాలు చుట్టాలట.
మత్స్యకారుల సంఘం వాళ్ళిచ్చింది దొరికింది.
సంఘం పేరూ ఫోన్ నంబరూ
సరిగ్గా దాని బొడ్డు మీదకొచ్చాయి.
పోనీలే, ఎవరికి కనపడతాయి.

పైన గంజిపెట్టిన నీలిబట్ట, తెల్ల తూనీగలు.
"వీపు మీది కుట్టు నిటారుగా ఉందా?"
ఉంది.
"మెడ వెనక పిడికిలి పట్టేంత వదులు."
నా పిడికిలా, నీదా?
"నాది!"

ఎదురుగా నిలబడి ఒక అంచు, దాని మీద ఇంకో అంచు.
ఎదురుగా నిలబడితే కుడీ ఎడమా తారుమారవుతాయి.
అద్దంలో చూసుకుంటూ బండి వెనక్కి తీసేవాణ్ణి,
నాకు తెలిసుండాల్సింది.

తొమోయె మాట ఆగింది.
బయట ఎవరో డప్పు సరిచూసుకుంటున్నారు, రెండు దెబ్బలు.
"ఎడమది పైకి," అంది.
గొంతు మామూలుగా లేదు.

ఈ మడత ఎక్కడ నేర్చాయో
అప్పుడు గుర్తొచ్చింది వేళ్ళకి.
కిందటి ఫిబ్రవరి. ఇదే గది, ఇదే చాప.
తెల్లబట్టలో అమ్మ.
చేతికి బూడిదరంగు తొడుగులేసుకున్న కుర్రాడు
మోకాళ్ళ మీద కూర్చుని
"పోయినవాళ్ళకి కుడి అంచు పైకండీ" అని
ఎంత మెల్లగా చెప్పాడో,
పక్కగదిలో నిద్రపోతున్న వాళ్ళెవరో లేస్తారన్నట్టు.

నిప్పు తగిలినట్టు విప్పేశాను.
"ఏమైంది నాన్నా? బాగానే ఉందిగా?"
"సముద్రం గాలి ఎడమ నుంచి కొడుతుంది," అన్నాను,
"అటు తెరిచుంటే ఎగిరిపోతుంది."
"మరి ఇంటికొచ్చేటప్పుడో?"

తొమోయె నాకేసి చూసింది. నేను చాపకేసి.
కొనాత్సు ఇంకేం అడగలేదు,
చేతులు మళ్ళీ చాపింది.

ఎడమది పైకి. తాడు.
"నేను చేపల పెట్టెని కాదు!"
వదులు చేశాను.
ఇంకో తాడు. ఎర్ర ఓబి రెండు చుట్లు.
సీతాకోక ముడి మూడుసార్లు చెప్పింది తొమోయె,
మూడుసార్లూ రెక్క విరిగింది.
చివరికి నా ముడే వేశాను, తార్పాలిన్ ముడి,
మీద మడత కప్పి.
"విప్పాలంటే ఈ కొస లాగు, చాలు."
అది అద్దం కూడా చూసుకోలేదు,
వీధిలోంచి స్నేహితురాళ్ళు పిలుస్తున్నారు.

చెక్కచెప్పుల టకటక వాలుదారి దిగి
డప్పుల్లో కలిసిపోయాక
పెట్టె సర్దబోతే అడుగున
గులాబీరంగు తాడొకటి.
"మూడూ కట్టాలి!" అంది తొమోయె.
నవ్వుతోంది, పిండికట్టుతోనే కళ్ళు తుడుచుకుంటోంది.

తాడు జేబులో కుక్కుకుని
చెప్పుల కోసం వెతుకుతున్నాను.
ఇరవై రెండేళ్ళు, ఏదీ దారిలో జారిపడలేదు.

పియానో సంగతి
ఇప్పటిదాకా తనకి చెప్పలేదు.