తల వంచి చూసే మొగులు

మర్రిగూడ దాటినంక, గుట్ట మీద
గుండు చేయించుకున్న గది మాది.
టికెట్టు పది రూపాయలు, బడి పిల్లలకు ఊరికే.
మబ్బు పట్టిననాడు పైసలు వాపస్.
మోటరు మొరాయిస్తే కప్పును చేతులతోనే తిప్పుత,
ఇసుర్రాయి తిప్పినట్టు.
ఈ గది ఇక్కడ ఎందుకో రెండు వాక్యాల్లో రాయమని
పై ఆఫీసు కాగితం
నెలరోజులుగా టేబులు మీద ఉంది.

ఆ శనివారం బడి బస్సు దిగిన డెబ్బై మంది వెనక
డెబ్బై ఒకటో మనిషి ముత్తిలింగం.
మనవరాలు నవనీత చెయ్యి పట్టుకొని తెచ్చింది.
నడుము కొడవలి. మెడ మొద్దుబారిన కొయ్య.
బోరునీళ్లు ఎముకల్లోకి దిగి బిగిసినోళ్లను
మా ఇంట్లనే చూసిన, కొత్త కాదు.
అయినా మొగులు చూపించే కొలువుల ఉండి
తలెత్తలేని మనిషికి టికెట్టు ఎట్ల చింపాలె?

"నాకెందుకు బిడ్డా, పోరగాండ్లకు చూపెట్టు.
నేను నేలను చూసుకుంట కూసుంట" అన్నడు.
నలభై ఏండ్లుగా ఆయన చూసిన చుక్కలు
మడి నీళ్లల్ల వణికినవే.

గుండు కింది పెద్ద దుర్బీను
నిచ్చెనెక్కితేగాని అందదు.
చిన్నదాన్ని బయటికి మోసుకొచ్చి
మూడు కాళ్లూ జానెడు జానెడు కుదించిన.
దాని మడిమ కాడ ఒక అద్దం ముక్క ఉంటది,
ఎక్కడినుంచో వచ్చిన వెలుగును మలిపి
కంట్లకు పంపుతది.
దాంట్ల చూడాలంటే కలెక్టరైనా వంగాల్సిందే.
ముత్తిలింగానికి ఆ పని లేదు.
ముందే వంగి ఉన్నడు.

తూర్పున రెండు నిలువుల ఎత్తుకు వచ్చిన కృత్తికలకు
గురిపెట్టి పక్కకు జరిగిన.
ఒక్క కన్నే మూయడం ఆయనకు రాలే,
నవనీత అరచేత్తో మూసింది.

చాలాసేపు ఏమీ అనలే.
వెనక పోరలు తోసుకుంటున్నరు,
సారు విజిలేస్తున్నడు,
చలికి దుర్బీను ఒంటి మీద తేమ పడుతోంది.
"పిల్లలకోడి!" అన్నడు చివరికి.
"మోట కొట్టేనాడు దీనికి ఆరే పిల్లలుండె.
నేను చూడక, మల్ల పొదిగినట్టుంది."

దూరం, వయసు, వేడిమి
కంఠతా పెట్టుకున్న నా పాఠం గొంతులనే ఉండిపోయింది.
వరుస చెదిరింది. పోరలు ఆయన చుట్టూ కూలబడ్డరు.
గొల్లకావడి తలకెక్కితే ఏ మడికి నీళ్లు మలపాలో,
ముసలమ్మ మంచాన్ని ముగ్గురు దొంగలు
తెల్లారగట్ల ఎటు గుంజుకపోతరో,
నేల చూస్తనే చెప్పిండు, మట్టిల వేలితో గీసిండు.
ఎర్ర కాయితం చుట్టిన టార్చి ఆ వేలి మీద పట్టిన.
మట్టిని చూసి, మొగులును చూసి,
మళ్ల మట్టిని చూసి సరిచూసుకున్నరు పిల్లలు.
ఒకడు ఒక చుక్క తప్పు పెట్టినవన్నడు.
అవును, అని చెరిపి మళ్ల పెట్టిండు.

బస్సు పోయినంక
సందర్శకుల పుస్తకం తెరిచిన.
'ఏమి చూశారు' గడిలో
నవనీత దస్తూరి, తాత మాట:
"కోడి బాగున్నది.
పిల్లలు లెక్కకు అందలే."