పదిహేను రోజుల గడువు

అద్దె ఐదో తారీఖుకల్లా రావాలి,
బ్యాంకువాడు ఐదో తారీఖునే కోసుకుంటాడు గనక.
పోర్టులో ముప్పయ్యొక్కేళ్లు క్రేను నడిపాను.
ఎంత బరువైనా గాల్లో నిలబెట్టి
ఎక్కడ దించమంటే అక్కడ దించేవాణ్ణి.
ఈ ఒక్క మాటే
నాలుగు నెలలుగా నోట్లో వేలాడుతోంది.

కంచరపాలెంలో పైపోర్షను.
పీఎఫ్ డబ్బంతా ఆ శ్లాబులోకే పోయింది.
మెట్ల మీద రోజూ బొగ్గు నుసి.
పోలినాయుడు పొద్దున్నే దాన్ని ఊడ్చేసి
కోర్టు దగ్గర టైపింగు షాపుకి పోతాడు.
పోతూ "వస్తానండి" అంటాడు.
అద్దె ఎప్పుడో నేనడగను, తను చెప్పడు.

"ముందు నోటీసు పడెయ్ బావా" అన్నాడు బామ్మర్ది.
వాడికి మూడిళ్లు,
మూడింటికీ తాళాలు మార్పించిన అనుభవం.
జగదాంబ దగ్గర లాయరుకి వెయ్యి ఇచ్చాను.
ఆయన రెండు నిమిషాల్లో గీకి
"టైపు చేయించి పంపుతా" అన్నాడు.
ఎక్కడ చేయిస్తారని అడగడం
నాకు తోచలేదు.

శుక్రవారం రాత్రి, తుంపర.
తలుపు తీస్తే పోలినాయుడు.
కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టి
చొక్కాలోపల దాచుకొచ్చాడు, తడవకుండా.
"లాయరుగారు మీకిమ్మన్నారండి. మూడు కాపీలు.
ఆయన నాలుగు నెలలని రాశారు,
ఈ నెలతో ఐదండి, దిద్దాను.
నా పేరు పోలయ్య అని పడింది, అదీ దిద్దాను.
పేరు తప్పయితే రేపు కోర్టులో నిలబడదండి."

ఏమనాలో తెలీక
టైపింగుకి ఎంతయిందన్నాను.
జారిపోయిన మాటని పైకి లాగే లివరు లేదు.
"నూట ఇరవై. బాకీలో తగ్గించుకోండి"
అని నవ్వాడు. నవ్వేనా?
మెట్ల లైటు పోయి నెలవుతోంది,
సరిగ్గా కనపడలేదు.

లోపల్నుంచి మా ఆవిడ "ఎవరూ?" అంది.
"పైవాళ్లు" అన్నాను.

సంతకం చేశాను. చేశానని చెప్పాలి కదా.
మార్జిన్లు ఎంత తిన్నగా ఉన్నాయో,
ఒక్క అక్షరం తప్పు లేదు.
అతని కాపీ అతనికిచ్చాను.
అందినట్టు నా కాపీ వెనకాల సంతకం పెట్టి,
తారీఖు వేసి,
పెన్నుకి మూత పెట్టి మరీ ఇచ్చాడు.

పదకొండో రోజునే ట్రాలీ ఆటో వచ్చింది.
మంచం, కుక్కరు, ఒక టేబుల్ ఫ్యాను,
పాత కీబోర్డు ఒకటి, దేనికో.
మేకులు పీకిన చోటల్లా సున్నం అద్ది
తాళంచెవి నా అరచేతిలో దించాడు,
చప్పుడు కాకుండా.
"వస్తానండి" అన్నాడు, అలవాటుగా.

టు-లెట్ బోర్డు రాయించాలి.
మెట్ల మీద మూడు రోజుల నుసి.
చీపురు ఎక్కడ పెట్టేవాడో.