బీడ్

మా పెద్దమ్మ హిల్డా ప్రౌడ్‌లాక్ చర్చి గడప తొక్కేది కాదు.
యుద్ధకాలంలో మగాళ్ళంతా సముద్రం మీద నల్లపూసలైపోతే
సండర్లాండ్‌లో, వేర్ నది ఒడ్డున, ఓడల కార్ఖానాలో
ముఖానికి నల్లద్దం, చేతులకి తోలు తొడుగులు,
ఇనుపరేకుల మధ్య నిప్పుతో కుట్టు వేసింది.
ఆ కుట్టు పేరు బీడ్.
"అల మీద అల పడ్డట్టుండాలి.
చెయ్యి వణికితే ఓడకి తెలుస్తుందిరా" అనేది.

నాకూ బీడే కూడు పెట్టింది:
కిటికీ అద్దం జారకుండా చుట్టూ బిగించే సన్న బద్ద,
గోరంత వెడల్పు. దాన్నెవరూ చూడరు,
ఊడిపోయి వాన లోపలికొస్తే తప్ప.

సెడ్రిక్ మామ తుపాకీ గొట్టం కొసన ఇత్తడి బొడిపె,
అదీ బీడే.
ఊపిరి బిగపట్టి, ఒంటికన్నుతో,
ఎగిరే బాతును దాని మీద నిలబెట్టేవాడు.
అప్పుడాయన నుదుట నిలిచిన చెమటబొట్టుకీ అదే పేరు.
బాతుకి మాత్రం బాతనే పేరు, ఇంకో క్షణం.

కార్ఖానా మూతపడింది. ఆ నేలంతా బీడు.
ఒక తడి మంగళవారం, పని దొరక్క,
లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తిరగేశాను.
వెయ్యేళ్ళ కిందట ఆ మాటకి పూస అనే అర్థమే లేదట.
ప్రార్థన. అంతే.
దేవుణ్ణి ఎన్నిసార్లు పిలిచారో లెక్క తప్పకుండా
జనం దారానికి గుండ్లు గుచ్చుకున్నారు.
పెదాలు మాట మీద, వేళ్ళు గుండ్ల మీద.
ఏ తరంలోనో ఏ పిల్లో
"అదేంటమ్మా?" అని చేతికేసి చూపించి ఉంటుంది,
నోట్లో ఉన్నదాని పేరు
చేతిలో ఉన్నదానికి అంటుకుంది.
దారం తెగి, ప్రార్థన నేలంతా దొర్లింది.

చివరి వారం, ఆసుపత్రిలో
ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను పెద్దమ్మకి.
కళ్ళు తెరవలేదు.
మంచం పక్క కమ్మీ అతుకు మీద
బొటనవేలు మెల్లగా జరుగుతోంది,
ఒక్కో గరుకు దగ్గర ఆగి, మళ్ళీ కదిలి.
మాత్రలు తెచ్చిన నర్సు మిలాగ్రోస్
గుమ్మంలోనే ఆగిపోయింది. మెడలో చిన్న శిలువ తడుముకుని
"ప్రార్థనలో ఉన్నారు, మళ్ళీ వస్తాను" అంది గుసగుసగా.

తలుపు మూసుకున్నాక
"ఎవడ్రా ఇది అతికింది?" అంది పెద్దమ్మ,
"సగంలో చెయ్యి వణికింది వెధవకి."

వేలు మాత్రం
కొసదాకా వెళ్ళింది.