రెండో వైపు, మూడో పాట

హిట్టు పాటలన్నీ ఏరి ఒకే రికార్డులో కుక్కి అమ్మడం
నాకు నచ్చదు.
రొట్టె పక్కన పెట్టి జామ్ నాకినట్టుంటుంది.

ఎవరూ అడగలేదనుకోండి.
డనీడిన్ కొండవీధుల్లో బస్సు తోలేవాణ్ణి,
స్టాపు ఎప్పుడొస్తుందని తప్ప
నన్నెవరేం అడుగుతారు?
అయినా చెప్తా. దారి పొడుగ్గా ఉంది.

కచేరీ రికార్డుల్లో చప్పట్లు నమ్మను.
కానీ ఆ చప్పట్ల వెనకాల ఎవడో దగ్గుతాడు చూడండి,
ఆ దగ్గుని నమ్ముతాను.
నలభై ఏళ్ళయింది. తగ్గిందో లేదో పాపం.

రికార్డులో వెచ్చదనం ఉంటుందంటారు కుర్రాళ్ళు.
వెచ్చదనం హీటరులో ఉంటుంది,
నెల తిరిగేసరికి కరెంటు బిల్లులో ఉంటుంది.
రికార్డులో ఉండేది దుమ్ము.
నేను దుమ్ము కోసమే కొంటాను.

పాట చివర గొంతు మెల్లమెల్లగా తగ్గించేయడం
ఒట్టి బద్ధకమంటాడు రికార్డుల కొట్టు లాక్లన్.
కాదయ్యా,
అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపే మనిషి.
ఠక్కున ఆగే పాటలు
మాట మధ్యలో ఫోను పెట్టేసే మా తమ్ముడి టైపు.

సినిమాల సంగతి ఎత్తొద్దు.
సినిమా వాన నిటారుగా కురుస్తుంది.
జూలైలో ఇక్కడికొచ్చి చూడమనండి,
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి
చెవిలో దూరుతుంది.
కోపమొస్తే ప్లేట్లు పగలగొడతారు,
తర్వాత ఊడ్చేవాళ్ళని ఒక్కరినీ చూపించరు.
మొన్న శనివారం హాల్లో
నేనూ, నైరీ, ముందు వరసలో ఒక ముసలాయనా.
హీరోయిన్ చచ్చిపోతుంటే వయొలిన్లు అందుకున్నాయి.
ముసలాయన లేచి వెళ్ళిపోయాడు.
ఆ సినిమా మీద అంతకంటే మంచి సమీక్ష
నేనింకా చదవలేదు.

మా కెటిల్ మరిగే ముందు
ఒక శ్రుతి పట్టుకుంటుంది.
కొత్తది కొందామంటుంది నైరీ.
కొత్తది త్వరగా మరుగుతుంది, కాదనను.
మూగది.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే,
పోయినేడు చర్చి సంతలో
రెండు డాలర్లకి ఒక రికార్డు కొన్నాను.
అట్ట లోపల నీలం సిరాతో
“ఇది ఐలా మక్‌రేది. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా.”
పాటలు అంతంతమాత్రం.
గాయకుడికి తన గొంతంటే మరీ ముద్దు.
డ్రమ్ములు బకెట్ బోర్లించి వాయించినట్టున్నాయి.
కానీ రెండో వైపు మూడో పాట
మొదటి మాట దగ్గరే
ముల్లు గాడిలో ఇరుక్కుంటుంది.
నేను మళ్ళీ నేను మళ్ళీ నేను మళ్ళీ

పాడిందే పాట.
నెడితే గానీ కదలదు.
మొదట్లో విసుక్కునేవాణ్ణి.
ఒకరోజు దీపం కింద పెట్టి చూద్దును కదా,
గాట్లన్నీ అక్కడే,
మిగతా పాటల మీద ఒక్క గీత లేదు.
అంటే ఐలా
ఈ ఒక్క పాట కోసమే ముల్లు ఎత్తి ఎత్తి
సరిగ్గా ఆ చోటే దించింది,
తాగి,
లేదా చీకట్లో,
లేదా చెయ్యి వణుకుతూ. నాకేం తెలుసు.

అప్పట్నుంచీ బస్సెక్కే ముసలమ్మలు
కార్డు చూపిస్తే
డబ్బుల పక్క చూడను, పేరు చదువుతాను.
ఫియోనా. మెరియానా. విల్మా. మళ్ళీ ఫియోనా.
నిజంగా ఎదురైతే ఏమనాలో అనుకోలేదు.
పాట బాలేదమ్మా అనా?

నువ్వో అరిగిపోయిన రికార్డువి,
ఎప్పుడు చూసినా ఆ ఐలా గోలే, అంటుంది నైరీ,
అది పొగడ్తని తెలియక.

రాత్రి ఆఖరి ట్రిప్పు అయ్యాక
తడి సాక్సులు హీటరు మీద ఆరేసి
ఆ పాటే పెట్టాను.
నేను మళ్ళీ నేను మళ్ళీ

వంటింట్లోంచి కేక: “నెట్టు దాన్ని!”

లేచి, వేలు చాపి, వంగేలోపు
గొంతు తగ్గించి తనే:
“సరే, ఇంకో రెండుసార్లు తిరగనీ.”