ఉప్పు గిరి

రాహుకాలం పక్కన, పాలాయన లెక్కకు పైన,
గోడ క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో
ఎనిమిది పండుగలు రాసి పెట్టుకున్నవ్, హిమజా.
మంచు కురిసే దేశాల పండుగలు.
మే ఒకటిన పూల పండుగట.
నల్లగొండల మే ఒకటిన పూసేది
డాబా మీది సిమెంటొక్కటే అన్న.
నువ్వూ నవ్వినవ్.

గడియారం చౌరస్తా వెనక, మూడో అంతస్తు మీది మన ఒక్క రూము.
పున్నమి నాడు దొడ్డుప్పుతో గిరి గీసినవ్.
తొమ్మిదడుగులు ఉండాల్నంట. మనకున్నది ఆరు.
వాషింగ్ మిషన్ జరగదు,
అదీ పైపుతో సహా గిరి లోపలికే వచ్చింది.
నల్లపిడి కత్తి పొద్దున బెండకాయలు కోసిందే.
తూర్పున అగరొత్తి, దక్షిణాన దీపం,
పడమట గిన్నెల నీళ్లు, ఉత్తరాన పూలకుండీ మన్ను.
దిక్కులను ఒక్కొక్కదాన్నీ పిలిచినవ్,
బంతి ల కూసోమని చుట్టాలను పిలిచినట్టు.
అందరూ మామ అంటరు గానీ
నాకు చంద్రుడు అమ్మ, అన్నవ్.

అంతవరకు బాగనే ఉంది.
తర్వాత మెల్లగ, కొత్త కమ్మలు చూపించినట్టు
ఆ మాట చూపించినవ్:
"నేను మంత్రగత్తెను."

లేచి కిటికీ మూసిన.
ఇంత ఉక్కపోతల ఎందుకని అడిగినవ్.

మా దిక్కు ఆ మాటను ఎవరూ
'నేను'తోని మొదలుపెట్టరు.
వేరేవాళ్లు మొదలుపెడుతరు,
రాత్రిపూట, పది మంది కలిసి.

అచ్చంపేట అవతల మా ఊరు.
మా నాయినమ్మ మాసమ్మకు పసర్లు తెలుసు.
తేలు కుడితే ఉత్తరేణి ఆకు నూరి కట్టేది.
ఒక వానకాలం ఆ ఇంట్ల బర్రె, ఈ ఇంట్ల పిల్ల.
బాణామతి అన్నరు.
పండ్లుంటేనే కదా మంత్రం పలికేది అన్నరు.
సైకిల్ షాపు నుంచి పటకారు తెచ్చినోడు
ఆమె కట్టిన కట్టుతోని లేచి తిరిగినోడే.

ఎవరికీ కీడు చేయకు, ఆపైన నీ ఇష్టం:
నీ శాస్త్రమంతా ఇంతే అన్నవ్.
పంపింది మూడింతలై తిరిగొస్తది అన్నవ్.
మా నాయినమ్మ ఏం పంపిందో చెప్పనా?
పాదుకు కాసిన పొట్లకాయలు. బాలింతలకు వాము కషాయం.
మూడింతలు ఎంతయితదో
ఆమెకు లెక్కలు రావు.
పండ్లు మాత్రం పదకొండు.

నేను పనిచేసే ల్యాబుకు చండూరు దిక్కు ముసలోళ్లొస్తరు.
బోరునీళ్లు తిన్న పండ్లు, గోధుమరంగు చారలు.
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని పేరు చెప్తరు.
నాయినమ్మది కొంగు.
చూసినోళ్లు సిగ్గనుకునేది.

నువ్వేం మాట్లాడలే. పాపం అని కూడ అనలే.
అందుకే ఇంకా నీతోనే అద్దె పంచుకుంటున్న.

అక్టోబరు ఆఖరి రాత్రి
సచ్చినోళ్లకూ మనకూ నడుమ తెర పలచబడుతదని నీ లెక్క.
మా పెత్రమాస ఎప్పుడో అయిపోయింది,
పెద్దలకు బియ్యమిచ్చుడూ అయిపోయింది.
అయినా కూసున్న, గిరి లోపల, మిషన్ పక్కన.
మీ తాతకు నువ్వు కారప్పూస పెట్టినవ్, ఆయనకిష్టమని.
నేను జొన్న గటుక తెచ్చిన.
మజ్జిగ పోసి, ఉండలు లేకుండ
వేళ్లతో మెత్తగ పిసికి పెట్టిన,
నమిలే పని పడకుండ.

దీపం ఊగలే.
ఎవరన్న వచ్చిరో లేదో నాకు తెల్వది.
గిన్నెల నీళ్ల మీద ఒక దోమ తేలింది.

పొద్దున ఓనరమ్మ మెట్ల మీద ఆగింది.
చెప్పు కింద కరకరమన్నది.
"ఉప్పేంది, గిట్ల రాలింది?"

"నకిరేకల్ నిమ్మకాయలొచ్చినయ్ ఆంటీ,
తొక్కు పెడుతున్నం" అన్నవ్,
గింత సుత తడబడకుండ.
చెయ్యి మాత్రం
నీకు తెల్వకుండనే
నోటికి అడ్డం పోయింది.