సబ్బుబిళ్ళంత

వారం రోజులు
చొక్కా జేబులో బట్టల సబ్బు వేసుకు తిరిగాను.
సగం బిళ్ళ. రెండు వేళ్ళ మందం.
పర్లాకిమిడి చేపల బజార్లో వంగితే
జారిపడుతుందా,
సైకిలు తొక్కుతుంటే గుండెకి కొట్టుకుంటుందా,
మిట్టమధ్యాహ్నం బరువనిపిస్తుందా అని.
కొనబోయే కెమెరాతో
ముందే కాపురం చేసి చూద్దామనుకున్నాను.

నాలుగోనాడు చెమటకి నురగొచ్చింది.
బోడెమ్మ తలుపు పట్టుకుని నవ్వింది:
"ఏటిది, ఒంటిమీదే ఉతికేస్తన్నావా?"
ఆ రాత్రే జేబు విప్పి
వేలెడు లోతు పెంచి కుట్టింది.

ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపినవాణ్ణి.
గోడమీద రంగులేసిన కశ్మీరు సరస్సు,
అద్దం పక్కన దారం కట్టిన దువ్వెన,
మేకుకి ఒకే ఒక్క నల్లకోటు.
మా ఊరి గుమాస్తాల్లో సగంమంది
ఆ కోటులోనే ఉద్యోగాల్లో చేరారు.
బక్కవాడికి వదులైతే
వెనక బట్టల క్లిప్పులు పెట్టి
ముందునుంచి దొరబాబుని చేసేవాణ్ణి.
గెడ్డం ఎత్తు. కదలొద్దు. ఊపిరి బిగబట్టు.
తెలుగువాళ్ళకి "నవ్వండి", ఒడియావాళ్ళకి "హసంతు".
ఏ భాషలో చెప్పినా
చెప్పగానే నవ్వు పారిపోయేది.

ఇప్పుడు ఎవరి ఫోటోలు వాళ్ళ చేతుల్లోనే.
నాకూ ఫోనుంది.
మహేంద్రతనయ ఒడ్డున కొంగని తీద్దామని ఎత్తేసరికి
కరెంటు బిల్లు, బావమరిది,
అడక్కుండానే అప్పిస్తానంటూ ఎవరో.
ఈలోగా కొంగకి పని పడుతుంది.
మోగని వస్తువొకటి కావాలి నాకు,
చూడ్డం తప్ప ఇంకో పని చేతకానిది.

బరంపురం. గిరి రోడ్డులో మేడమెట్ల కింద
నబఘన పాత్రో దుకాణం.
గాజుబల్ల మీద సబ్బు పెట్టాను.
"ఇంత ఉండాలి ఆజ్ఞా."
ఆయన సబ్బుని చూశాడు, నన్ను చూశాడు,
మళ్ళీ సబ్బుని చూశాడు.

మొదటిది మీట నొక్కితే తొండం చాచింది.
ఎదురు మేడమీద ఎండుతున్న అప్పడాల్లో
జీలకర్ర లెక్కపెట్టొచ్చు.
వద్దన్నాను. అంత దూరంనుంచి చూడ్డం
పక్కింటి కిటికీలోకి తొంగిచూడ్డమే.
రెండోదాని తెర తిరగబడి నా మొహమే చూపించింది.
గెడ్డం గీసుకునేటప్పుడు రోజూ చూస్తూనే ఉన్నాను, చాలు.
మూడోదాంట్లో తీస్తే
గోడంత పెద్దది చేసినా బొమ్మ చెదరదట.
నాకంత గోడ లేదు బాబూ,
బీరువా తలుపుకి లోపలివైపుంది.

నాలుగోది, అడుగున గీతలు పడ్డ పాతది.
ముందుకీ వెనక్కీ జరగని కన్ను.
దగ్గరగా కావాలంటే నువ్వే నడు.
టీ కొట్టువాణ్ణి తీయాలంటే
అల్లం వాసన తగిలేదాకా నడు.
కన్ను ఆనించడానికి చిన్న గాజుకన్నం.
ఎడమకన్ను దానంతటదే మూసుకుంది,
ఏదీ మర్చిపోలేదు వెధవది.
ఒక్క చార్జింగుకి రెండొందల ఫోటోలే వస్తాయని
పాత్రో కాస్త సిగ్గుపడ్డాడు.
ముప్పయ్యారుతో పెళ్ళి మొత్తం
అప్పగింతలదాకా లాక్కొచ్చినవాణ్ణి నేను.

"ఒకటి తీసి చూడండి" అన్నాడు.
కుర్రాడు టుకునా స్టూలెక్కి
అట్టపెట్టెలు సర్దుతున్నాడు.
గురి చూశాను.
నోటిదాకా వచ్చింది, కదలొద్దని.
మింగేశాను.
వాడు ఇటు తిరిగాడు, ఓ పెట్టె జారింది,
పట్టుకోబోయి పడి పడి నవ్వాడు.

తెరమీద చూస్తే
వాడి చెయ్యి మూడు చేతులైంది,
మొహం సగం చెరిగిపోయింది,
పళ్ళు మాత్రం తెల్లగా, గాల్లో సాగి ఉన్నాయి.
నా స్టూడియోలో అయితే
చింపేసి డబ్బు వాపసిచ్చే బొమ్మ.
పాత్రో తుడిచెయ్యబోయాడు.
చెయ్యి అడ్డం పెట్టాను.
"దాంతో కలిపే ధర చెప్పండి."

పలాసలో రైలు దిగి బస్సెక్కాను.
జేబు కిందికి లాగుతోంది,
తెలిసిన బరువే.
ఊరొచ్చేదాకా బయటికి తీయలేదు,
ఊరికే తడిమి చూసుకున్నాను.

బోడెమ్మ కెమెరాని అటూ ఇటూ తిప్పింది,
వాసన చూసింది.
"బాగుంది గానీ, మరి సబ్బేదీ?"

పాత్రో గాజుబల్ల మీద.
రేపు బట్టలు నానబెట్టే రోజు.