నిండుకోవడం

బ్రాడీపేట నాలుగో లైను, రాత్రి రెండున్నర.
సర్వర్ చావలేదు, ఊరికే నిలబడిపోయింది.

ఫైలు రాసే కోడు గడియ వేసుకుని
లోపల్నించి గుప్పెడు మెమరీ అడిగింది.
ఖాళీ లేదు, పాత పేజీలు దులిపి ఇస్తానంది కెర్నెల్.
దులపాలంటే అదే గది. అదే గడియ.
తలుపు కొట్టేదీ తనే, తియ్యాల్సిందీ తనే.

పదకొండేళ్ల కిందటి లైను.
బియ్యం నిండుకున్నాయంటే అయిపోయాయని కదా,
మెమరీ నిండుకున్నా అంతే.
ఇన్నాళ్లూ నిండుకోక బతికిపోయాం.

కింది వాటా నాగుల్‌మీరా, మిర్చియార్డులో కాటా మనిషి,
అప్పుడే వచ్చి మెట్ల మీద తుమ్ముతున్నాడు.
"గోడౌన్ ఖాళీ అయితేగాని లారీ కదలదంట,
లారీ కదిల్తేగాని గోడౌన్ తలుపు తెరుచుకోదు.
చివరికి ముఠామేస్త్రి ఏవన్నాడో తెలుసా,
గుమ్మానికి అడ్డమున్నోడు లోపల చోటడగొద్దు,
బయట దొరికిన కాడ దించుకోమన్నాడు."

ఒక్క ఫ్లాగ్ మార్చాను:
అడుగు, కానీ నా గుమ్మం తొక్కి తేకు.

సలహా ఇచ్చినవారి గడిలో ఆయన పేరు కొట్టాను.
ఈమెయిల్ లేనిదే ఒప్పుకోనంది.
చెరపబుద్ధి కాలేదు.
తెల్లారుతోంది. కర్సర్ అక్కడే,
గొంతులో ఘాటూ అక్కడే.